నాటకం మధ్యలో లైన్ మూగబోకుండా: వైరు ఇంటర్‌కామ్‌కు జంట పవర్ సప్లైలు అమర్చడం ఎలా?

తెర వెనుక హెడ్‌సెట్ పెట్టుకొని నిలబడితే, ఎవరూ మాట్లాడకపోయినా చెవిలో సన్నని హోరు వినిపిస్తూనే ఉంటుంది. పది నిమిషాల్లో దానికి అలవాటు పడిపోతాం. అది ఆగిపోయినప్పుడే గుర్తుకొస్తుంది.

నల్లగొండకు ముప్పై కిలోమీటర్ల దూరంలోని ఒక ఊళ్లో పౌరాణిక నాటకం జరుగుతున్న రాత్రి ఆ హోరు ఒక్కసారిగా ఆగిపోయింది. రాజసభ అయిపోయి అడవి రంగం రావాలి. తాడు దగ్గరున్న కాకాకు అప్పటికే "సిద్ధంగా ఉండు" అని చెప్పాను. పద్యం ఆఖరి పాదం వినగానే పరదా వదలడం ఆయనకు అలవాటు. ఇంతలో ఒక నటుడు సరిగ్గా పరదా కర్ర కిందే ఆగి కిరీటం సరిచేసుకోవడం కనిపించింది. "కాకా, ఆగు" అన్నాను. నా మాట నా నోటి దగ్గరే ఉండిపోయింది. లైట్ల దగ్గరున్న కుర్రవాడు పరుగెత్తి ఆ నటుణ్ని లాగాడు. కర్ర ఆయన భుజానికి జానెడు దూరంలో దిగింది.

ఆ రాత్రి మా దగ్గర పవర్ సప్లైలు రెండున్నాయి. రెండూ మంచి స్థితిలో ఉన్నవే. రెండింటి ప్లగ్గులూ వేదిక కింద ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డులో ఉన్నాయి. బోర్డు ప్లగ్గు పిన్ను వేడికి నల్లబడి, సాకెట్‌లో వదులైపోయింది. పెట్టెలు రెండే గానీ దారి మాత్రం ఒక్కటే అయింది.

నల్లగొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్, వనపర్తి వైపు నాటకాలు, కళాశాల వార్షికోత్సవాలు, జాతర వేదికలు నడిపే చిన్న బృందాలను దృష్టిలో పెట్టుకొని ఇది రాస్తున్నాను. పది నుంచి ఇరవై బెల్ట్‌ప్యాకులు (నడుముకు తగిలించుకొని హెడ్‌సెట్ కలుపుకొనే చిన్న పెట్టెలు) ఉండే వైరు ఇంటర్‌కామ్ గురించే ఇక్కడ చెబుతాను. పెద్ద స్టేడియాల్లో, టీవీ స్టూడియోల్లో వాడే మ్యాట్రిక్స్ ఫ్రేముల్లో (ఎవరిని ఎవరితో కలపాలో ఎంచే పెద్ద ఇంటర్‌కామ్ పెట్టెల్లో) రెండు పవర్ సప్లైలు పెట్టే సదుపాయం తరచుగా లోపలే ఉంటుంది. వాటికి వేరు వేరు చోట్ల నుంచి కరెంటు తెస్తే చాలు. మన చిన్న వ్యవస్థలో ఆ ఏర్పాటు మనమే చేసుకోవాలి.

ముందుగా మీ లైన్ ఏ రకమో తెలుసుకోండి

దీన్ని దాటవేస్తే మిగతాదంతా తప్పుతుంది. మూడు పిన్నుల ఎక్స్‌ఎల్‌ఆర్ కేబుల్ చూడటానికి అన్నిచోట్లా ఒకేలా ఉంటుంది. లోపలి పద్ధతులు వేరు.

క్లియర్‌కామ్ 1968లో శాన్‌ఫ్రాన్సిస్కోలో రాక్ సంగీత కచేరీల హోరులో మాట వినిపించడం కోసం పుట్టిన సంస్థ. దాని పద్ధతిలో ఒకటో పిన్ను కామన్, రెండో పిన్ను మీద సుమారు 30 వోల్టుల డీసీ, మూడో పిన్ను మీద మాట వెళతాయి. అంటే కరెంటుకు ఒక తీగ, మాటకు ఒక తీగ. ఆర్‌టీఎస్ అనే మరో బ్రాండు రెండు ఛానెళ్ల పద్ధతి ఇందుకు భిన్నం. అక్కడ రెండో పిన్ను మీద కరెంటూ మొదటి ఛానెల్ మాటా కలిసి ప్రయాణిస్తాయి, మూడో పిన్ను మీద రెండో ఛానెల్ మాట ఉంటుంది.

ఈ తేడాను బట్టే రెండు సప్లైలను ఎక్కడ కలపవచ్చో తేలుతుంది. మొదటి పద్ధతిలో రెండో పిన్ను మీద డయోడ్లతో (కరెంటును ఒక వైపుకే వదిలే భాగాలతో) కలపవచ్చు, మాటకు ఏమీ కాదు. రెండో పద్ధతిలో అదే తీగ మీద మాట కూడా ఉంది కాబట్టి, సప్లై ఆ మాటను మింగేయకుండా అడ్డుకునే ప్రత్యేక సర్క్యూట్ ఒకటి దాని లోపల ఉంటుంది. దానిని దాటి వచ్చిన లైన్ మీద మీరు డయోడ్లు, కెపాసిటర్లు తగిలిస్తే మాట నలిగిపోతుంది. ఆ వ్యవస్థలో రెండు వనరులను ఆ సర్క్యూట్‌కు ముందే, ముడి డీసీ దగ్గరే కలపాలి. అది తయారీదారు ఇచ్చిన మార్గంలోనే చేయడం మంచిది. ఇక్కడి నుంచి నేను చెప్పేదంతా మొదటి పద్ధతికి వర్తిస్తుంది.

మల్టీమీటర్ తీసి, లైన్ కనెక్టర్ దగ్గర ఒకటో పిన్నుకూ రెండో పిన్నుకూ మధ్య కొలవండి. తర్వాత మాన్యువల్‌లో పిన్నుల పట్టిక చూడండి. రెండూ కలిస్తేనే ముందుకు వెళ్లండి. పాత పరికరాలు చేతులు మారుతూ వస్తాయి. ఎవరో ఎప్పుడో పిన్నులు మార్చి టంకం వేసి ఉండవచ్చు.

ఎంత కరెంటు కావాలో లెక్క వేయడం

ఒక్కో ప్యాకు ఎంత తాగుతుందో దాని మాన్యువల్‌లో ఉంటుంది. ఊరికే ఉన్నప్పటి అంకె కాకుండా, గట్టిగా మాట్లాడుతూ కాల్ లైటు (పిలుపు తెలిపే దీపం) వెలుగుతున్నప్పటి అంకె తీసుకోండి. ఉదాహరణకు ఒక ప్యాకు 60 మిల్లీఆంపియర్లు, మేకప్ గదిలో పెట్టే స్పీకర్ స్టేషన్ 150 మిల్లీఆంపియర్లు తీసుకుంటుందనుకుందాం. పద్నాలుగు ప్యాకులకు 0.84 ఆంపియర్లు, రెండు స్పీకర్లకు 0.3. మొత్తం 1.14 ఆంపియర్లు.

ఇక్కడ చాలామంది ఒక పొరపాటు చేస్తారు. సప్లైలు రెండున్నాయి కదా అని భారాన్ని సగం సగం పంచి, చిన్నవి కొంటారు. అలా చేస్తే ఒకటి పోయిన క్షణంలో రెండోది మొత్తం భారం మోయలేక కూలిపోతుంది. ప్రతి సప్లై ఒంటరిగానే మొత్తం భారాన్ని మోయాలి, ఇంకా మిగులు ఉండాలి. 1.14కు మూడో వంతు కలిపితే సుమారు 1.5 అవుతుంది. మన ఎండలను లెక్కలోకి తీసుకోండి. నల్లగొండలో మే నెల మధ్యాహ్నం నీడలోనే 44, 45 డిగ్రీలుంటే, రేకుల షెడ్డు కింద మూసిన పెట్టెలో ఇంకా ఎక్కువ ఉంటుంది. చాలా ఎస్‌ఎంపీఎస్‌లు (స్విచింగ్ పద్ధతిలో పనిచేసే పవర్ సప్లైలు) యాభై డిగ్రీల ప్రాంతం దాటాక తమ పూర్తి సామర్థ్యం ఇవ్వవు. లోపలి ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ల ఆయువు పది డిగ్రీలు పెరిగినప్పుడల్లా దాదాపు సగమవుతుంది. అందుకే నేను ఈ భారానికి ఒక్కోటీ 3 ఆంపియర్లకు తగ్గకుండా తీసుకుంటాను. ఫ్యూజుల దగ్గర ఇందుకు మరో కారణం కూడా కనిపిస్తుంది.

కేబుల్ కూడా వోల్టేజి తింటుంది. 0.22 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగకు వంద మీటర్లకు దాదాపు 8 ఓముల నిరోధం ఉంటుంది. వెళ్లడానికీ తిరిగి రావడానికీ కలిపి 16. ఆ చివర నాలుగు ప్యాకులు 0.24 ఆంపియర్లు తీసుకుంటే దాదాపు 3.8 వోల్టులు దారిలోనే పోతాయి. ముప్పైతో బయలుదేరితే అక్కడికి ఇరవై ఆరు చేరుతుంది. మీ ప్యాకు కనిష్ఠంగా ఎంతకు పనిచేస్తుందో చూసి, దూరపు లైన్లకు లావు తీగ వాడండి.

రెండు వనరులు నిజంగా రెండేనా?

ఈ మొత్తం పనిలో నేను ఎక్కువ సమయం పెట్టేది ఇక్కడే. డయోడ్లు టంకం వేయడం ఒక సాయంత్రం పని. కరెంటు ఎక్కడి నుంచి వస్తోందో తవ్వి తీయడానికి మాత్రం ప్రతి కొత్త ఊళ్లోనూ ఓపిక కావాలి.

ఒక సప్లై ప్లగ్గు పట్టుకొని వెనక్కి నడవండి. ఏ బోర్డు, ఏ ఎంసీబీ, ఏ ఫేజు, ఏ మార్పిడి స్విచ్, ఏ జనరేటర్. ప్రతిదీ కాగితం మీద రాయండి. తర్వాత రెండో సప్లైతోనూ అదే చేయండి. రెండు జాబితాల్లోనూ ఒకే పేరు ఎక్కడ కనిపిస్తే, అక్కడ తెగితే రెండూ పోతాయి.

"రెండు ఫేజుల మీద పెట్టాం సార్, ఇక భయం లేదు" అని ఎలక్ట్రీషియన్లు ధైర్యం చెబుతుంటారు. ఒక ఫేజు పోతే ఆ మాట నిజమే. న్యూట్రల్ వదులైతే కాదు. మూడు ఫేజుల సరఫరాలో న్యూట్రల్ తెగితే, ఏ ఫేజు మీద భారం తక్కువుందో దాని వోల్టేజి 230 నుంచి పైకి ఎగబాకుతుంది, ఎక్కువున్న దానిది కిందికి పడిపోతుంది. ఫేజుకూ ఫేజుకూ మధ్య ఉండేది 400 వోల్టులు కాబట్టి ఎంతవరకు ఎగబాకగలదో ఊహించండి. ఒక సప్లై కాలిపోతుంది, రెండోది ఆకలితో ఆగిపోతుంది. జాతర మైదానాల్లో తాత్కాలికంగా వేసిన లైన్లలో న్యూట్రల్ జాయింటును ఊరికే మెలిపెట్టి టేపు చుట్టి వదిలేయడం నేను కళ్లారా చూశాను. కురుమూర్తి, మన్యంకొండ, చెరువుగట్టు, పెద్దగట్టు లాంటి జాతరల్లో ఒకే జనరేటర్ మీద మైకులు, సీరియల్ బల్బులు, టీ కొట్టు ఫ్రిజ్ అన్నీ వేలాడుతుంటాయి.

అందువల్ల ఒక సప్లైని వేదిక కరెంటు మీదా, రెండోదాన్ని బ్యాటరీ ఉన్న యూపీఎస్ మీదా పెట్టండి. యూపీఎస్‌కు ఛార్జింగు కరెంటు ఎక్కడి నుంచి వచ్చినా ఫరవాలేదు. అది తెగినా నాటకం ముగిసేవరకు బ్యాటరీ నిలబడితే చాలు. మన లెక్క ప్రకారం 1.14 ఆంపియర్లను 30 వోల్టులతో హెచ్చిస్తే 34 వాట్లు. సప్లైలో, యూపీఎస్‌లో వృథా అయ్యేది కలిపితే దాదాపు 50 వాట్లు. చిన్న యూపీఎస్‌లో ఉండే 12 వోల్టులు, 7 ఆంపియర్ అవర్ బ్యాటరీ ఈ భారాన్ని గంట అటూ ఇటూ మోస్తుంది. రాత్రి పదికి మొదలై తెల్లవారుజామున ముగిసే పద్య నాటకానికి అది ఏ మూలకూ చాలదు. 42 ఆంపియర్ అవర్ బ్యాటరీ కొత్తగా ఉంటే ఐదారు గంటలు లాగుతుంది. పాతబడితే అందులో సగమే నమ్మండి.

ఇంట్లో వాడే పాత ఇన్వర్టర్ సరిపోతుందా అని అడుగుతుంటారు. చదరపు తరంగం ఇచ్చే ఇన్వర్టర్ మీద ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న లీనియర్ సప్లై గుర్రుమంటుంది, వేడెక్కుతుంది. సైన్ వేవ్ ఇచ్చేదే తీసుకోండి.

ఫేజు మార్చడం, బోర్డు విప్పడం లాంటి పనులు లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ చేతనే చేయించండి. మీరు చూడాలి, అడగాలి, రాసుకోవాలి. చేయి పెట్టకూడదు.

కలిపే పెట్టె

రెండు సప్లైల ప్లస్ తీగలను నేరుగా ముడి వేయకండి. ఒకదాని లోపల షార్ట్ అయితే రెండోదాన్ని కూడా అది కిందికి లాగేస్తుంది. రెండింటి మధ్య ఒక్కొక్క డయోడ్ కాపలా ఉండాలి. సప్లై ప్లస్ నుంచి డయోడ్ ఆనోడ్‌కు, రెండు డయోడ్ల క్యాథోడ్లను కలిపి ఉమ్మడి బస్సుకు (లైన్లన్నింటికీ కరెంటు పంచే తీగకు). ఏ సప్లై వోల్టేజి ఎక్కువుంటే అది మోస్తుంది. అది పడిపోగానే రెండోది అదే క్షణంలో అందుకుంటుంది. రిలేతో మార్చేటట్టు మధ్యలో ఖాళీ ఉండదు, హెడ్‌సెట్‌లో టక్కుమనే చప్పుడు కూడా రాదు.

డయోడ్ షాట్కీ రకానిది కావాలి. 1.14 ఆంపియర్ల దగ్గర దాదాపు 0.4 నుంచి 0.5 వోల్టులు తింటుంది. అంటే అర వాటు వేడి. మామూలు 1ఎన్4007 ఒక ఆంపియర్‌కే పరిమితం, పైగా దాదాపు వోల్టు తినేస్తుంది. 1ఎన్5822 మూడు ఆంపియర్లు మోస్తుంది గానీ దాని తట్టుకునే హద్దు 40 వోల్టులే. 30 వోల్టుల లైన్ మీద ఆ మిగులు నాకు నచ్చదు. ఎస్‌బీ560 (5 ఆంపియర్లు, 60 వోల్టులు) గానీ, ఎంబీఆర్20100సీటీ (100 వోల్టులు) గానీ వాడతాను. ఎంబీఆర్20100సీటీ ఒక్క ముక్కలో రెండు డయోడ్లుంటాయి. అలాగని రెండు సప్లైలకూ ఒకే ముక్క వాడకండి. ఆ ముక్క పగిలితే రెండు దారులూ మూసుకుపోతాయి. రెండు విడి ముక్కలు, రెండు విడి చిన్న హీట్‌సింకులు. హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీలో ఇవన్నీ దొరుకుతాయి. వెళ్లినప్పుడు రెండు జతలు ఎక్కువ తెచ్చుకోండి.

బిగించేటప్పుడు డయోడ్ మీది గీతను ఒకసారి కాక రెండుసార్లు చూడండి. గీత బస్సు వైపు ఉండాలి.

డయోడ్లతో వచ్చే ఒక ప్రమాదం గురించి తక్కువమంది ఆలోచిస్తారు. డయోడ్లు ఎప్పుడూ ఎక్కువ వోల్టేజినే ఎంచుకుంటాయి. ఒక సప్లై ఆగిపోకుండా, దాని రెగ్యులేటర్ పాడై 45 వోల్టులు కక్కడం మొదలుపెడితే, ఆ 45నే పద్నాలుగు ప్యాకులకూ పంచిపెడతాయి. అందుకే ప్రతి సప్లైలోనూ ఓవర్ వోల్టేజి రక్షణ ఉండాలి. మంచి పారిశ్రామిక ఎస్‌ఎంపీఎస్‌లలో అది ఉంటుంది. పాత లీనియర్ పెట్టెల్లో చాలావాటికి ఉండదు. లేని పెట్టెను నేను ఇంటర్‌కామ్‌కు వాడను.

24 వోల్టుల పారిశ్రామిక ఎస్‌ఎంపీఎస్‌లను మూలనున్న చిన్న స్క్రూతో 28 వరకు పెంచుకోవచ్చు. అది చాలా ప్యాకులకు సరిపోతుంది. ఇంకా పైకి తిప్పితే ఓవర్ వోల్టేజి రక్షణే దాన్ని ఆపేస్తుంది. ఎస్‌ఎంపీఎస్ నుంచి సన్నని కీచుమనే రొద లైన్‌లోకి వస్తే బస్సు మీద 2200 మైక్రోఫారడ్లు, 50 వోల్టుల కెపాసిటర్ ఒకటి పెట్టి చూడండి.

రెండు సప్లైలనూ అచ్చం ఒకే వోల్టేజికి పెట్టాలని కొందరంటారు, భారం పంచుకుంటాయని. నేను మొదటిదాన్ని అర వోల్టు ఎక్కువ పెడతాను. ఏది మోస్తోందో నాకు కచ్చితంగా తెలుస్తుంది, రెండోది చల్లగా ఉంటుంది. నెలకోసారి స్థానాలు మారుస్తాను.

మీ మెయిన్ స్టేషన్‌లో (లైన్లన్నీ బయలుదేరే ప్రధాన పెట్టెలో) సప్లై లోపలే ఉంటే? అప్పుడు స్టేషన్‌నే మొదటి వనరుగా తీసుకోండి. స్టేషన్ నుంచి వచ్చే లైన్‌ను ఈ పెట్టెలోకి తెచ్చి, ఒకటి, మూడు పిన్నులను నేరుగా దాటించి, రెండో పిన్నును మాత్రం కత్తిరించి డయోడ్ గుండా బస్సుకు పంపండి. రెండో డయోడ్‌కు బయటి సప్లై. స్టేషన్ పూర్తిగా చచ్చిపోయినా ప్యాకులు ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటూనే ఉంటాయి, ఎందుకంటే పార్టీలైన్‌కు (అందరూ ఒకే తీగ మీద మాట్లాడుకునే ఈ పద్ధతికి) కావలసింది కరెంటూ, టర్మినేషనూ (మాట స్థాయిని అదుపులో ఉంచే నిరోధం) మాత్రమే. పోయేది స్టేషన్‌కు తగిలించిన హెడ్‌సెట్ ఒక్కటే. దాన్ని పెట్టుకొనేది చాలాచోట్ల రంగస్థల నిర్వాహకుడే! కాబట్టి ఆయన మెడలో స్టేషన్ హెడ్‌సెట్ కాకుండా మామూలు బెల్ట్‌ప్యాకు హెడ్‌సెట్ ఉండాలి.

టర్మినేషన్, ఎర్తింగ్

లైన్ మొత్తానికి ఒక ఛానెల్‌కు 200 ఓముల టర్మినేషన్ ఒక్కటే ఉండాలి. రెండు స్టేషన్లను కలిపి రెండింటి టర్మినేషన్లూ ఆన్‌లో ఉంచితే మాట బలం సగానికి పడిపోతుంది, సొంత గొంతు తిరిగి వినిపించే మోతాదు చెదురుతుంది. అసలే లేకపోతే మాట పెరిగి లైన్ కూతపెడుతుంది. కరెంటు పోయినప్పుడు మీ స్టేషన్ టర్మినేషన్ కూడా పోతుందేమో ముందే పరీక్షించండి. స్టేషన్ స్విచ్ ఆపి, బయటి సప్లై మీద ప్యాకులు నడపండి. కూత వచ్చిందంటే స్టేషన్ టర్మినేషన్‌ను ఆపి, తయారీదారు ఇచ్చే టర్మినేషన్ ప్లగ్గును లైన్‌కే తగిలించండి.

రెండు సప్లైల మైనస్‌లూ కలుస్తాయి, అదే కామన్. దాన్ని ఒక్కచోటే ఎర్త్ చేయండి. ఎక్స్‌ఎల్‌ఆర్ లోహపు తొడుగుకూ ఒకటో పిన్నుకూ లోపల జంపర్ ఉంటే తీసేయండి. ఇనుప ట్రస్‌కు ఆ తొడుగు తగిలిన క్షణంలో 50 హెర్ట్జ్ గుంయ్ మొదలవుతుంది. ఆ గుంయ్ పోవాలని సప్లై మూడు పిన్నుల ప్లగ్గులో ఎర్త్ పిన్ను విరిచేసేవాళ్లున్నారు. దయచేసి ఆ పని చేయకండి, చేయనివ్వకండి. వానకు తడిసిన వేదిక మీద చెప్పుల్లేకుండా నటించే మనుషులుంటారు.

ఒక లైన్ షార్ట్ అయితే

రెండు సప్లైలు, రెండు వనరులు, అన్నీ కుదిరాయి. జనంలో ఎవరో గునపం దించి షామియానా మేకు కొడతారు, కేబుల్‌లో రెండో పిన్నూ ఒకటో పిన్నూ కలిసిపోతాయి. అప్పుడు బస్సు మొత్తం సున్నాకు వస్తుంది. సప్లైలు పది ఉన్నా ఇదే జరుగుతుంది. అందుకే బస్సు నుంచి బయలుదేరే ప్రతి లైన్‌కూ సొంత ఫ్యూజు ఉండాలి.

తిరిగి తనంతట తానే కోలుకునే పాలీఫ్యూజులు సౌకర్యంగా కనిపిస్తాయి గానీ తెగడానికి సెకన్లు తీసుకుంటాయి. ఆ సెకన్లలో లైన్లన్నీ మూగబోతాయి. వేడిలో వాటి సామర్థ్యం కూడా పడిపోతుంది, యాభై డిగ్రీల దగ్గర సుమారు పావు వంతు. నేను వేగంగా తెగే గాజు ఫ్యూజులే వాడతాను. 0.4 ఆంపియర్ల లైన్‌కు ఒక ఆంపియర్ ఫ్యూజు. సప్లై 3 ఆంపియర్లు ఇవ్వగలిగితేనే ఈ ఫ్యూజు చటుక్కున తెగుతుంది. సప్లై ఒకటిన్నర ఆంపియర్లదే అయితే ఫ్యూజు కంటే ముందు సప్లైయే చేతులెత్తేస్తుంది. పెద్ద సప్లై కొనమన్న రెండో కారణం ఇదే.

పనిని కూడా లైన్ల మధ్య పంచండి. పరదా తాడు ఒక లైన్, లైట్లు ఒక లైన్, సౌండ్, మేకప్ గది ఇంకొకటి. ఒకటి తెగినా మిగతా లైన్ల మీద ఉన్నవాళ్లు చూసి చెప్పగలరు.

చచ్చిన సప్లైని పట్టుకోవడం

జంట సప్లైల్లో అసలు గండం ఇది. ఒకటి పోయినా లైన్ నడుస్తూనే ఉంటుంది కాబట్టి ఎవరికీ తెలియదు. నెలల తరబడి ఒంటి కాలి మీద నడుస్తూ రెండున్నాయని నమ్ముతాం.

ప్రతి సప్లైకీ డయోడ్‌కు ముందు ఒక ఎల్‌ఈడీ పెట్టండి, 5.6 కిలోఓముల రెసిస్టర్‌తో. 5 మిల్లీఆంపియర్లు వెళతాయి, వెలుగు చాలు. దీనికి రెండో ఉపయోగం కూడా ఉంది. మొదటి సప్లైని ఆపినప్పుడు దాని ఎల్‌ఈడీ ఆరిపోవాలి. ఆరకుండా వెలుగుతోందంటే దాని డయోడ్ షార్ట్ అయి, రెండో సప్లై కరెంటు వెనక్కి కారుతోందన్నమాట. డయోడ్లు పాడైనప్పుడు ఎక్కువగా ఇలాగే, చప్పుడు చేయకుండా పాడవుతాయి.

ఎల్‌ఈడీ తీసేసి మల్టీమీటర్ ఒక్కటే పెట్టి చూస్తే, ఆపిన సప్లై వైపు కూడా వోల్టు, రెండు వోల్టులు కనిపించవచ్చు. షాట్కీ డయోడ్ వేడెక్కితే కాస్త కారుతుంది, అది సహజం. ఎల్‌ఈడీ పాటి చిన్న భారం తగిలించగానే ఆ అంకె కూలిపోవాలి.

బజర్ కోసం ఒక్కో సప్లైకి 24 వోల్టుల రిలే ఒకటి, డయోడ్‌కు ముందే తగిలించండి. కాయిల్ నిరోధం 650 ఓములైతే 30 వోల్టుల లైన్‌లో 150 ఓములు, అర వాటు రెసిస్టర్ వరుసలో పెట్టాలి. సప్లై బతికున్నంతసేపు రిలే లాగి పట్టుకుంటుంది. పోగానే వదిలేస్తుంది, మామూలుగా మూసుకొని ఉండే కాంటాక్టు బజర్‌ను ఉమ్మడి బస్సుకు కలుపుతుంది. బజర్‌కు కరెంటు బతికున్న సప్లై నుంచి వస్తుంది కాబట్టి మోగుతుంది. దాన్ని ఆపడానికి స్విచ్ పెట్టవచ్చు గానీ, ఆపినా ఎర్ర దీపం మాత్రం వెలుగుతూనే ఉండేలా చూడండి.

పరీక్ష

ఎల్‌ఈడీ వెలిగినంత మాత్రాన సప్లై భారం మోస్తుందని కాదు. భారం పెట్టే చూడాలి.

అన్ని ప్యాకులూ తగిలించి, అన్ని కాల్ లైట్లూ వెలిగించి, నలుగురిని మాట్లాడుతూ ఉండమనండి. అన్నిటికంటే దూరపు ప్యాకు దగ్గర వోల్టేజి కొలిచి రాసుకోండి. మొదటి సప్లైని గోడ దగ్గరి స్విచ్‌తోనే ఆపండి, ప్లగ్గు నుంచి మొత్తం దారి పరీక్షకు రావాలి. బజర్ మోగాలి, ఎల్‌ఈడీ ఆరాలి, మాట తెగకూడదు. దూరపు ప్యాకు దగ్గర మళ్లీ కొలవండి. అర వోల్టుకు మించి పడితే రెండో సప్లై ఎక్కడో ఇబ్బంది పడుతోంది. పది నిమిషాలు అలాగే వదిలి, డయోడ్, సప్లై ఎంత వేడెక్కాయో చూడండి. తర్వాత మొదటిది ఆన్ చేసి, రెండోదాన్ని ఆపి అంతా మళ్లీ చేయండి. ఎల్‌ఈడీ వెలుగుతూ ఉండి లైన్ మాత్రం చచ్చిపోయిందంటే బతికున్న సప్లై డయోడ్ తెగిపోయిందని అర్థం.

చివరగా మేకప్ గది లైన్ కొసన ఒకటి, రెండు పిన్నులను షార్ట్ చేయండి. ఆ ఫ్యూజు ఒక్కటే తెగాలి, మిగతా లైన్లలో మహా అయితే ఒక చిటుకు వినిపించాలి. ఫ్యూజు ఖరీదు చూసుకొని ఈ పరీక్ష మానేయకండి.

డయోడ్లు దాటాక బస్సు, పెట్టె, ఫ్యూజులు అన్నీ ఒక్కటే. వాటికి జంట లేదు. అందుకని అచ్చం అలాంటి పెట్టె ఇంకొకటి కట్టి, అవే కనెక్టర్లతో, సామాను ట్రంకులో పెట్టుకుంటాం. మార్చడానికి నిమిషం పడుతుంది.

ప్రదర్శన రోజు

రెండు సప్లైల తీగలను వేదికకు చెరో వైపు నుంచి తీసుకురండి. ఒకదానికి ఎర్ర టేపు, ఇంకొకదానికి పసుపు టేపు, ప్లగ్గు మీదా పెట్టె మీదా కూడా. "ఇంటర్‌కామ్, తీయవద్దు" అని తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి అంటించండి. ఫోను ఛార్జింగు కోసం ప్లగ్గు పీకేవారి వల్ల ఆగిన లైన్లు నేను ఎన్నో చూశాను. కార్తీకంలో, మాఘంలో అర్ధరాత్రి దాటాక మంచు కురుస్తుంది. నేల మీది కనెక్టర్ల జాయింట్లను ఇటుక మీదికి ఎత్తి, పైన ప్లాస్టిక్ సంచి బోర్లించండి. చుట్టూ బిగించి కడితే లోపలే నీరు పడుతుంది.

మొదటి గంట కొట్టడానికి పావుగంట ముందు నేను ఎర్ర టేపు స్విచ్ ఆపుతాను. బజర్ మోగుతుంది. తాడు దగ్గర కాకా, లైట్ల దగ్గర తమ్ముడు, సౌండ్ దగ్గర అన్న, మేకప్ గదిలో అక్క, ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలుస్తాను. నలుగురూ పలికాక ఎర్రది ఆన్ చేసి, పసుపుది ఆపి, మళ్లీ నలుగురినీ పిలుస్తాను. మధ్యలో కళ్లు మూసుకొని చెవిలోని ఆ సన్నని హోరునే వింటూ ఉంటాను. అది ఒక్కసారి కూడా తొణకకపోతే, రెండు స్విచ్‌లూ ఆన్ చేసి, కాకాకు "సిద్ధంగా ఉండు" అని చెబుతాను.